సీట్లు పోగొట్టింది టికెట్లన్న కాదు

మా ఎదురింటి టికెట్లన్న పోయిన సంగతి నాకు పులివెందులలో తెలిసింది. మా చెల్లెలి తోటలో చీనీకాయలు కోస్తాంటే చెట్టు కింద కూచ్చోని ఏరుతాండా. ప్రొద్దుటూరు నుంచి కోడలు ఫోను చేసింది. "అత్తా, టికెట్ల మామ లేడు. తెల్లారి నమాజుకని లేచి, కాళ్ళూ చేతులూ కడుక్కుంటా కొళాయి కాన్నే కూలబడినాడంట. ఆస్పత్రికి ఎత్తకపొయ్యేలోపలే అయిపోయిందంట." నా ఒళ్ళో కాయలన్నీ కింద పడినాయి.

నేను గడప దాటాలంటే క్యాలెండరు చూసే మనిషిని. తిథి చూస్తా, వారం చూస్తా, రాహుకాలం తప్పకుండా చూస్తా. ఆ పొద్దు ఏదీ చూడలే. "చీరన్నా మార్చుకోని పో మే" అని చెల్లెలు అంటాన్నా యినకుండా ఆటో ఎక్కి బస్టాండుకు పోయినా. ముద్దనూరు దాటినాక గూడా నాకు ఏడుపు రాలే. భయమొచ్చింది. నేను అందరి ముందరా చెప్పాల్సిన మాట ఒకటుండాది. అది చెప్పకముందే ఆయన పోయినాడు.

నేను చేరేటప్పటికి మగోళ్ళు ఆయన్ను ఖబరస్తానుకు ఎత్తకపోయినారు. ఇంట్లో ఆడోళ్ళు చాపల మింద కూచ్చోని ఉండారు. ఆయన భార్యను నేను వదినా అని పిలుస్తా. వదిన గోడకానుకోని, ముసుగు కండ్ల మీదికి లాక్కోని ఉండాది. నేను పోయి పక్కన కూచ్చుంటి. అప్పుడు మా వీధి చివరింటామె, పైకే అనింది: "పాపం, ముప్పై ఏండ్లు టికెట్లు కొట్టిన చెయ్యి, ఆఖర్న తప్పిపాయ. ఈమె ఫ్రాన్సు సీట్లు పోగొట్టినాడు గదా, అప్పుడే నేననుకున్యా, మనిషి వాడిపోతాండాడని." అందరూ నా పక్క తిరిగి జాలిగా చూసినారు. నేను తల దించుకున్యా.

ఆ సీట్లు పోగొట్టింది ఆయన కాదు. నేను. ఆయన చెయ్యి ఏనాడూ తప్పలే. మీరు ఆయనను ఎరిగినోళ్ళయినా ఎరగనోళ్ళయినా, ఆయన మింద పడిన ఆ మాట తుడిచెయ్యాల. దానికే ఇది రాస్తాండా.

ఆయన ఎర్రగుంట్ల స్టేషన్లో టికెట్ల కిటికీ కాడ పనిచేసి రిటైరైనాడు. మా ఊరికి రైలు రాకముందు ప్రొద్దుటూరోళ్ళకు రైలంటే ఎర్రగుంట్లే. రిటైరైనా ఆ కిటికీ ఆయనను ఇడవలే. ఆయన ఇంటి ముందర గదికి వీధిలోకి ఒక కిటికీ ఉండాది. పొద్దున తొమ్మిదికల్లా దాని రెక్కలు తెరిచి, రెండు పెన్సిళ్ళు చెక్కి పెట్టుకోని కూచ్చునేటోడు. కువైటుకు పొయ్యేదానికి బొంబాయి బండెక్కేటోళ్ళు, మద్రాసు ఆస్పత్రికి పోయేటోళ్ళు, తిరుపతికి పోయే ముసిలోళ్ళు, అందరూ ఆ కిటికీ కాడికే. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు. చాయ్ తెచ్చిస్తే తాగుతాడు. ఫోన్లో టికెట్లు కొట్టే కాలమొచ్చినా ముందు కాయితం మింద పెన్సిలుతో రాసుకోని, పైకి చదివి యినిపించి, మనం ఔనంటేనే నొక్కేటోడు.

ఒకసారి నేను మంత్రాలయం పోతా కిటికీ కాడికి పోయినా.

"వయసెంత చెల్లెమ్మా?"

"యాభై ఐదు రాసుకో అన్నా."

"యాభై ఐదు రాస్తే పై బెర్తు ఇచ్చినా ఇస్తాడు. ఎక్కుతావా?"

"ఐతే అరవై రాయి."

"ఇంకొంచెం నిజం చెప్పు."

"అరవై ఆరన్నా."

"ఇప్పుడు కింది బెర్తులో పడుకుంటావు," అని రాసుకున్యాడు.

నాకు అన్నిటికీ భయమే. బండి రాకపోతే ఎట్లన్నా, వచ్చి ఆగకపోతే ఎట్లన్నా, నేను నిద్రపోతే లేపేదెవరన్నా అని మొదలుపెడితే, ఆయన పెన్సిలు పైకెత్తి చూపించేటోడు. "ముందు పేరు చెప్పు, మళ్ళ వయసు చెప్పు. భయం ఆఖర్న చెబుదువు." ఆ మాట మా వీధిలో అందరికీ వచ్చు. ఇంకొక మాట గూడా అంటాండె. అది పని నేర్చుకునేటోళ్ళకు చెప్పే మాదిరి చెప్పేటోడు: "చేతిలో సీటు పెట్టుకోనే ఇంకో సీటు చూడాల. ఉన్నదాన్ని ఇడిసిపెట్టి చూడగూడదు." ఆ మాటను ఆయన చేత తప్పిచ్చింది నేనే.

మాది మగ్గం ఇల్లు. ఫ్రాన్సులో నేత పని నేర్పే టీచరమ్మ ఒకామె మా వీధికొచ్చి, రెండు దినాలు నా పక్కన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని కూచ్చోని నా చేతులే చూసింది. పోయినాక ఆర్నెల్లకు కబురంపింది. వాళ్ళ బడిలో పది దినాలు కూచ్చోని నేసి చూపించాలంట. నేను నెయ్యాల, కోడలు కండెలు చుట్టాల, చూసేటోళ్ళు అడిగేదానికి ఇంగ్లీషులో జవాబు చెప్పాల. నా కొడుకు చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు, వాడు రాలేడు. మేమిద్దరమే పోవాల. కోడలు ఇంటరు చదివింది. నాది మూడో తరగతి. కోడలు పక్కన లేకపోతే ఆ దేశంలో నేను మూగదాన్ని. నా ఒక్క భయం అదే. యాడికైనా పోతా, యేమైనా ఎక్కుతా, కోడలు నా పక్కన కూచ్చోవాల.

విమానం టికెట్లొచ్చినాయి. రైలు పాసులు గూడా పంపించినారు. పారిస్‌లో దిగి, ఆ పాసు చూపించి, రైలెక్కి వాళ్ళూరికి రావచ్చంట. మేము మైసూరుపాకు తీసుకోని టికెట్లన్న కిటికీ కాడికి పోతిమి. ఆయన కోడలి ఫోను తీసుకోని కిందికీ మీదికీ జరిపి చూసినాడు.

"సీట్లేవి?" అన్యాడు.

"పాసుండాది గదా మామా," అనింది కోడలు.

"పాసుంటే బండెక్కొచ్చు. కూచ్చోమని యాడ రాసిండాడు?"

నాకు తలకాయ తిరిగింది. "ఎక్కనిచ్చి కూచ్చోనియ్యకపోతే ఎట్లన్నా? నిలబెట్టి తీసకపోతారా?"

"నిలబడనియ్యరు గూడా. బిరబిర పోయే బండ్లలో సీటు నంబరు లేకుండా ఎక్కగూడదంట."

"ఐతే పాసెందుకు?"

ఆయన మైసూరుపాకు పక్కన పెట్టి, నా పక్క తిరిగినాడు. "పులివెందుల బస్టాండులో బస్సు రాంగానే నువ్వేం జేస్తావు?"

"కిటికీలోంచి తువ్వాల యేస్తా."

"టికెట్టు?"

"కండక్టరు మళ్ళ కొడతాడు."

"అంతే. తువ్వాల వేరు, టికెట్టు వేరు. ఈ పాసు టికెట్టు. సీటనేది తువ్వాల. ఐతే ఆడ మనల్ని తువ్వాల యెయ్యనియ్యరు. వాళ్ళే యేస్తారు, దానికి వేరేగా కట్టించుకుంటారు. పాసులోళ్ళకు బండికి ఇన్ని తువ్వాళ్ళు అని పెట్టుకోనింటారు. అవి అయిపోతే, బండి ఖాళీగా పోతాన్నా మనకియ్యరు."

"ఖాళీగా పోతాన్నా ఇయ్యరా?"

"ఇయ్యరు."

"ఇదేం న్యాయమన్నా? ఇద్దరినీ వేరే వేరే యాడన్నా కూచ్చోబెడితే నేనేం గావాల? దిగేది ఎట్ల తెలుస్తాది? ఎవురన్నా వచ్చి ఏమన్నా అడిగితే—"

ఆయన పెన్సిలు పైకెత్తినాడు. "ముందు పేరు."

ఈడ కూచ్చోని ఆడి సీటు పట్టుకునేది ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. మొదట ఫోన్లో అంతా వాళ్ళ భాషలోనే వచ్చింది. ఆయన యాడో నొక్కి ఇంగ్లీషు చేసినాడు. పాసు నంబరు అడిగింది, రాసినాడు. తప్పనింది, మళ్ళ రాసినాడు, ఒప్పనింది. ఆఖర్న బ్యాంకు కార్డు అడిగింది. కార్డు నా కొడుకుది. దానికొచ్చే నంబరు వాడి ఫోనుకు పోతాది. ఫ్యాక్టరీలో ఫోను గేటు కాడ పెట్టిపోవాల. వాడు బయటికొచ్చి చూసి చెప్పేటప్పటికి ఈడ "టైమైపోయింది, మొదట్నుంచి రా" అని పడతాది. మూడు దినాలు ఇట్లే. "ఎవురికి టైమైపోయింది?" అని నేనడిగితే, "మనకే. వాళ్ళకు టైముండాది," అన్యాడు. నాకు అర్థం కాలే. ఇప్పటికీ కాలే.

నాలుగో దినం కొడుక్కు సెలవు. పక్కనే కూచ్చోని నంబరు చెప్పినాడు. సాయంత్రం టికెట్లన్న తానే వీధి దాటి మా ఇంటికొచ్చినాడు. ఎప్పుడూ రాడు, కిటికీలోంచే పిలుస్తాడు. ఫోన్లో బొమ్మ చూపించినాడు. రెండు గళ్ళు, ఒకదాన్నొకటి ఆనుకోని. "శుక్రవారం పొద్దున పదీ యాభైకి బండి. పక్కపక్కనే. నీది కిటికీ కాడ. మూడు గంటల్లో దించుతాడు." నేను ఆ రెండు గళ్ళను వేలితో తాకి చూసినా. కోడలు నవ్వింది.

మరుసటి దినం కోడలు జమ్మలమడుగు పోయింది, వాళ్ళక్క కూతురి ఓణీల ఫంక్షనుకు. పోతా పోతా అనింది: "అత్తా, సీట్లొచ్చేసినాయి. ఇంక నువ్వు క్యాలెండరు తీసి కూచ్చోవద్దు."

బస్సు కదిలిందో లేదో, నేను తీసినా.

శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. మా ఆయన ఆఖరిసారి ఆస్పత్రికి రాహుకాలంలోనే బయల్దేరినాడు, తిరిగి రాలే. అప్పట్నుంచి నాకది దాటాలంటే కాళ్ళు రావు. అన్నం తినబుద్ధి కాలే. మధ్యాన్నం కిటికీ కాడికి పోతి.

"అన్నా, ఆ బండి రాహుకాలంలో బయల్దేరతాండాది."

ఆయన నవ్వలే. అద్దాలు తీసి తుడుచుకున్యాడు. "ఆడి పదిన్నరా, మన పదిన్నరా?"

"అదేందన్నా?"

"ఆడ పదీ యాభై అంటే మనకు మధ్యాన్నం రెండూ ఇరవై. అప్పటికి మీ రాహుకాలం అన్నం తిని పడుకోనుంటాది."

"మనం ఉండేది ఆడ గదన్నా. ఆడి సూర్యుడే లెక్క."

"ఆడి సూర్యుడు ఎండాకాలంలో రాత్రి తొమ్మిదికి గానీ మునగడంట. ఆయన లెక్క ఈ క్యాలెండరుకు తెలీదు గదా చెల్లెమ్మా."

నాకు ఇంకా గందరగోళమాయె. ఆలోచించి ఆలోచించి చెప్పినా. "ఐతే రెండుండాయేమో అన్నా. ఈడిదొకటి, ఆడిదొకటి. రెండూ తప్పించు."

అప్పుడు నవ్వినాడు. నవ్వి, ఇట్లన్యాడు: "నాకు అన్ని గంటలూ అల్లా చేసినవే. ఐనా బండెక్కేది నువ్వు. నీకు దడ పుడతాంటే కోడలు పక్కనుండీ ఏం లాభం?"

మధ్యాన్నం బండి ఒకటుండాది. దానికి నొక్కి చూసినాడు. ఈ పాసుకు ఆ దినం ఇంతకుముందే సీటుంది, అది ఇడిసిపెడితేనే ఇంకోటి ఇస్తాననింది. ఆయన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్యాడు. "ముప్పై ఏండ్లలో ఈ పని నేను చెయ్యలే," అన్యాడు.

"చేయన్నా," అంటి నేను. "చేయన్నా, నీకు పుణ్యముంటాది," అని మళ్ళంటి.

పెన్సిలుతో కాయితం మింద రాసి చదివినాడు: పొద్దున బండి, రెండు సీట్లు, రద్దు. "ఔనా?" అనడిగినాడు. "ఔ," అంటి. నొక్కినాడు.

మధ్యాన్నం బండిలో ఒక సీటు మూడో పెట్టెలో వచ్చింది. ఇంకొకటి పద్నాలుగులో. పొద్దున బండికి తిరిగి పోయి చూస్తే పాసులోళ్ళ సీట్లు అయిపోయినాయి. బండి నిండలే, మనకిచ్చేవే అయిపోయినాయి. "పోనీ ఎక్కినాక నడుచుకుంటా కోడలి కాడికి పోతా," అంటి. ఆయన శానాసేపు చదివి తలకాయ అడ్డంగా ఊపినాడు. ఆ బండి రెండు బండ్లను మూతికి మూతి అతికించిందంట. నడమ దారి లేదంట. ఒకసారి ఎక్కితే దిగేదాకా నేనొక పక్క, కోడలొక పక్క.

నేను కిటికీ కింద మెట్టు మింద కూలబడితి. "కోడలికేం చెప్పాలన్నా? వొద్దనిందన్నా, పోతా పోతా గూడా వొద్దనింది. జల్మంతా అంటాది."

"ఇంటికి పో చెల్లెమ్మా," అన్యాడు. అంతే అన్యాడు.

కోడలు తిరిగొచ్చి బ్యాగు గూడా దించకుండా కిటికీ కాడికి పోయింది. నేను యెనకాల నిలబడితి. ఆమె నోరు తెరవకముందే ఆయన చెప్పినాడు: "అమ్మా, నేనొక తప్పు చేసినా. ఇంకొకటి చూడబోయి రద్దుది నొక్కినా. కండ్లు సరిగ్గా ఆనలే. సీట్లు పోయినాయి."

"మీరా మామా?" అనింది కోడలు. ఆమెకు నమ్మబుద్ధి కాలే. వీధిలో పోయేటోళ్ళు ఇద్దరు ఆగినారు.

"నేనేనమ్మా. ముసిలితనం."

కోడలు నా మొహం చూసింది. అప్పుడు నేను చెప్పుండాల్సింది. చెప్పకపోవడం ఒక పక్క, ఇంకొక మాట గూడా నా నోట్లోంచి వచ్చింది. "పోనీలే, కావాలని చేసిండడు," అంటి. ఆయన నన్ను చూసి, బాగా చెప్పినావన్నట్టు తలూపి, పెన్సిలు చెక్కుకోవడం మొదలుపెట్టినాడు.

నేనేదో పెద్ద తప్పు చేసినట్టు చెప్తాండానని మీకనిపించొచ్చు. సీట్లే గదా. ఐతే ఆ కిటికీ కాడ తప్పు నొక్కిన మనిషి అనిపించుకునేది ఎంత మాటో మా వీధోళ్ళకు తెలుసు. ముప్పై ఏండ్లలో ఒక పేరు తప్పు రాయలేదని, ఒక తారీకు తప్పు కొట్టలేదని ఆయన గొప్ప చెప్పుకునేది ఒక్కటే. వేరే గొప్ప ఏదీ లేదాయనకు.

ఆ రైలోళ్ళకు ఆయన ఒక ఉత్తరం రాసినాడు. తెలుగులో చెప్తాంటే కోడలు ఇంగ్లీషు చేసి ఫోన్లో పంపించింది. "అయ్యా, నేను గూడా కిటికీకి ఆ పక్క కూచ్చున్నోణ్ణే. ఇద్దరాడోళ్ళు, అత్తా కోడలు. అత్తకు భాష రాదు. విడదీసి కూచ్చోబెట్టొద్దు. నేనున్నప్పుడు మీ దేశమోళ్ళు ఎవురన్నా మా ఎర్రగుంట్లకొచ్చి అడిగింటే నేను చేసిచ్చింటాను." చదివి యినిపిచ్చుకోని, "పంపించు," అన్యాడు. మరుసటి దినం జవాబొచ్చింది. మీ ఉత్తరం అందింది, దాని నంబరు ఇది అని. ఆయన సంతోషపడి ఆ నంబరు గోడ మింద రాసుకున్యాడు. "నంబరిచ్చినారంటే ఎవురో ఒకరి బల్ల మింద ఉండాదనే గదా." ఎనిమిది దినాలు చూసినాడు. అది యంత్రం పంపించే జవాబని కోడలికి తెలుసు. చెప్పలేకపోయింది.

తొమ్మిదో దినం పొద్దున్నే పిలిచినాడు. మొహం వెలిగిపోతాండాది.

"చెల్లెమ్మా, ఈ తువ్వాళ్ళ గొడవంతా బిరబిర పోయే బండ్లకే. ఊరూరా నిలబడుకుంటా పోయే ప్యాసింజర్లు ఆడ గూడా ఉండాయి. వాటికి సీటు నంబరే లేదు. పాసు చూపించు, యాడ ఖాళీ ఉంటే ఆడ కూచ్చో. కోడలి పక్కనే కూచ్చో."

"ఎన్ని బండ్లన్నా?"

"ఐదు."

"ఎంతసేపు?"

"పదకొండు గంటలు."

"మూడు గంటల దోవకా మామా?" అనింది కోడలు.

"పక్కపక్కనే గదమ్మా," అన్యాడు.

నాలుగు దినాలు కూచ్చోని, బండికొక చీటీ తయారు చేసినాడు. నాకు చదవను వచ్చేటట్టు పెద్ద పెద్ద తెలుగక్షరాలు. యాడ దిగాల, ఎంతసేపుంటాది, యేం చెయ్యాల. "ఈడ నలభై నిమిషాలుంటాది, నీళ్ళు తాగండి." "ఈడ ఏడు నిమిషాలే, ముందే లేచి తలుపు కాడ నిలబడండి." మొదటి బండి పొద్దున తొమ్మిదికి పెట్టినాడు, రాహుకాలం రాకముందే.

శుక్రవారం మేము ఎక్కితిమి. ఎవురూ ఏమనలే. టీసీ వచ్చి కోడలి ఫోన్లో పాసులు చూసి, నవ్వి పోయినాడు. నేను కోడలి కొంగు పట్టుకోనే కూచ్చున్యా. మూడో బండి ఎక్కే కాడ స్టేషన్ గడియారం చూస్తే పదకొండూ పది. నడి రాహుకాలం. చీటీ తీసినా. కింద చిన్నగా రాసిండాడు: "ఇది బయల్దేరడం కాదు, మారడం. నువ్వు బయల్దేరింది తొమ్మిదికే. దడ పడొద్దు."

"ఏం రాసినాడత్తా?" అని కోడలు వంగి చూడబోయింది. "నీళ్ళు తాగమన్యాడు," అని చీటీ మడిచి జాకెట్లో పెట్టుకున్యా.

ఆ బండి ఆవుల మధ్యలో, పూల మధ్యలో, చిన్న చిన్న ఊర్ల మధ్యలో పోయింది. ఐదో బండిలో ఉన్నప్పుడు ఆయనే ఫోను చేసినాడు. మొహం కనపడేటట్టు చేసినాడు.

"పక్కపక్కనే కూచ్చున్యారా?"

"ఔనన్నా."

"ఇద్దర్నీ చూపించు." కోడలు ఫోను దూరంగా పట్టుకునింది. ఆయన మా ఇద్దర్నీ చూసి, "సరే," అని పెట్టేసినాడు. రాత్రి ఎనిమిదైనా ఎండ కాస్తానే ఉండాది. టీచరమ్మ స్టేషన్లో నిలబడుండాది.

పది దినాలు నేసి వచ్చినాము. ఊర్లో ఆ మాట అప్పటికే తిరిగింది. "ఫ్రాన్సుకు పోయి ప్యాసింజరెక్కినారంట, టికెట్ల మామ పుణ్యాన," అని నవ్వుకున్యారు. కిటికీ కాడికి వచ్చేటోళ్ళు తగ్గినారు. కువైటోళ్ళు బస్టాండు కాడి నెట్ సెంటరుకు పోతాండారు. ఆయన పొద్దున్నే పెన్సిళ్ళు చెక్కుకోని కూచ్చుంటాడు, పదకొండుకు రెక్కలు మూస్తాడు. మా మగ్గం కాడ కూచ్చుంటే నాకు ఆ కిటికీ నేరుగా కనపడతాది. ఒక దినం తట్టుకోలేక పోయి, "అన్నా, కోడలికి చెప్పేస్తా, వీధికి గూడా చెప్పేస్తా," అంటి.

"నీకు కోడలితో దినామూ పని," అన్యాడు. "నాకు ఈ వీధితో ఇంకెన్నాళ్ళు పని? ఉండనీ." చాయ్ తాగమని వదినను కేకేసినాడు. నేను తాగి వచ్చేసినా. ఆయన ఉండనీ అన్యాడు గదా అని నాకు నేను చెప్పుకున్యా. ఆయన అనకపోయినా చెప్పిండేదాన్ని కాదేమో.

నలభయ్యో దినం ఆయన పేరున చదివించే ఫాతెహా అయిపోయినాక, మరుసటి పొద్దున నేను ఎదురింటికి పోతి. వీధి వాకిలికి పచ్చ పరదా కట్టిండారు. వదిన నాలుగు నెలల పది దినాలు గడప దాటగూడదు, అది వాళ్ళ పద్ధతి. నేల మింద కూచ్చోని బియ్యంలో రాళ్ళేరతాండాది. నేను ఎదురుగా కూచ్చోని, చాటలోకి చూస్తా, మొదట్నుంచి ఆఖరు దాకా చెప్పినా. రాహుకాలం, రెండు సార్లు చేయన్నా అనింది, పోనీలే అనింది, అన్నీ.

వదిన చెయ్యి ఆగింది. "మే, ఐతే ఆయన తప్పు నొక్కలేదా?"

"లేదు వదినా. నేను నొక్కిచ్చినా."

"యా అల్లా," అనింది. "నేనాయన్ని కండ్ల డాక్టరు కాడికి ఈడ్చకపోయినా గదే. కండ్లు బాగున్యాయమ్మా అని డాక్టరు చెప్తే, నీకేం తెలుసని డాక్టర్నే తిట్టినా. ఇంకో డాక్టరు కాడ చుక్కలు రాయించుకొచ్చి, పూటకు రెండు యేసినా. మంట మంట అన్యాడు. మంటైతేనే నయమైతాదని తలకాయ పట్టుకోని యేసినా. ఒక్క దినం నోరిప్పలే. మే, నాకు గూడా చెప్పలే!" నవ్వొచ్చింది ఆమెకు. చాట కింద పెట్టి, కడుపు పట్టుకోని నవ్వింది. ఆ నవ్వు యాడ ఏడుపైందో నాకు తెలీలే. నేను గూడా ఏడ్చినా.

మళ్ళ ముసుగుతో మొహం తుడుచుకోని లేచింది. నన్ను తిడతాదనుకున్యా. చెయ్యి పట్టుకోని పరదా కాడికి తీసకపోయింది.

"నేను దాటగూడదు. నువ్వు పో. ఆ మెట్టు మింద నిలబడి చెప్పు."

"ఎవురికి వదినా?"

"ఎవురొస్తే వాళ్ళకు."

"ఏం చెప్పాల?"

"నాకు చెప్పినావే, అదే."

పరదా తీసి మెట్టు మింద నిలబడితి. వీధి చివరింటామె కూరగాయల సంచితో వస్తాండాది. "ఇదిగో, నిన్నే," అంటి. ఆమెకు యినపడలే.

"గట్టిగా," అని పరదా యెనకనుంచి యినపడింది.

"ఆ సీట్లు నేనే పోగొట్టినా!" అంటి.

చివరింటామె ఆగింది. "ఏం సీట్లక్కా?"

"ఫ్రాన్సు సీట్లు. టికెట్లన్న కాదు. రాహుకాలమని నేనే ఇడిపించినా. ఆయన చెయ్యి తప్పలే, కండ్లు తప్పలే. నన్ను కాపాడేదానికి తన మీదేసుకున్యాడు."

ఆమె సంచి కింద పెట్టింది. యెనకాల పాలాయప్ప బండి ఆపి, "ఏందంట?" అన్యాడు. మా ఇంట్లో కండెలు చుట్టే రాట్నం చప్పుడు ఆగింది. కోడలు వాకిట్లోకి వచ్చి, చేతిలో కండెతో నిలబడుకోని నన్నే చూస్తాండాది.

"పాలాయప్ప యినలేదు. మొదట్నుంచి చెప్పు," అనింది వదిన. నేను యెనక్కి తిరిగి చూసినా. పరదా కింద ఆమె కాలివేళ్ళు కనపడతాండాయి, గడపకు సరిగ్గా లోపలి పక్కనే ఆగినాయి. నేను మొదట్నుంచి ఎత్తుకుంటి.